పెట్రోలు ముల్లు ఎందుకు తప్పు చెప్పింది? – పాత స్పోర్ట్స్ కారులో ఇంధన సూచిక మార్పిడి

5.0 ఈ భాగం ఉద్దేశం

ఈ భాగాన్ని చదివిన తరువాత, శ్రేణి సంధానం, ఓమ్ నియమం, విద్యుత్ ప్రవాహపు ఉష్ణఫలితం, ద్విలోహ పట్టీ అనే నాలుగు విషయాలు ఒక పాత కారు డాష్‌బోర్డు వెనుక ఎలా కలిసి పనిచేస్తాయో మీరు వివరించగలుగుతారు. ఇంధన సూచిక తప్పు చూపిస్తున్నప్పుడు లోపం సూచికలో ఉందా, ట్యాంకులో ఉందా, మధ్యనున్న తీగల్లో ఉందా అని ఏ భాగాన్నీ విప్పకముందే నిర్ణయించగలుగుతారు. ఈ నాలుగు విషయాలనూ మీరు మొదటి సంవత్సరంలోనే చదివారు. నేను ముప్పై ఏళ్లకు పైగా బోధించాను. అయినా నేను చేసిన ఒక పొరపాటు ఈ పాఠంలో ఉంది. దాన్ని దాచకుండా చెప్పడమే మీకు ఎక్కువ ఉపయోగమని అనుకుంటున్నాను.

5.1 పరిచయం

మా వియ్యంకుడుగారు మియాపూర్‌లో ఉంటారు. వారి అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, బూడిదరంగు గుడ్డ కప్పుకొని 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారు ఒకటి ఉంటుంది. రెండే సీట్లు, తెరిచి మూసుకునే పైకప్పు. వీధిలోకి తీస్తే మెట్రో స్టేషన్ దగ్గర ఆటోవాళ్లు కూడా తల తిప్పి చూస్తారు. ఆయన దాన్ని నలభై ఏళ్ల కిందట కొన్నారు, నెలకు రెండుసార్లు నడుపుతారు.

గత డిసెంబరులో ఒక రాత్రి శంషాబాద్ వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకొని వస్తున్నారు. ముల్లు ఖాళీ గుర్తుకూ కాలు భాగం గుర్తుకూ సరిగ్గా మధ్యలో ఉంది. అంటే నాలుగైదు లీటర్లు ఉన్నట్టు, ఇల్లు చేరడానికి చాలినంత. నార్సింగి సమీపంలో ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నూరు కిలోమీటర్ల వేగంతో లారీలు పోయే రోడ్డు. కారేమో మోకాలెత్తు. వెనుక దీపాలు రెండూ అగ్గిపెట్టెలంత. బండిని పక్కకు నెట్టి, పిల్లను గార్డ్‌రెయిలు అవతల నిలబెట్టి ఆయన నాకు ఫోన్ చేశారు. "బావగారూ, పెట్రోలు ఉంది, బండి కదలడం లేదు. ఏమై ఉంటుందంటారు?" అని అడిగారు. నేను కార్బురేటర్ అన్నాను, స్పార్క్ ప్లగ్గులన్నాను. పెట్రోలు లేదన్న ఊహ మా ఇద్దరికీ రాలేదు, ముల్లు ఉందని చెబుతోంది కదా! పెట్రోలింగ్ వాహనం వాళ్లు వచ్చి ట్యాంకు మూత తీసి, కారును అటూ ఇటూ ఊపి, చప్పుడు రాకపోతే నవ్వారు.

మీలో చాలామంది స్కూటరో మోటారుసైకిలో నడిపినవారే. బండి దగ్గితే కాలి దగ్గరున్న నాబ్‌ను రిజర్వుకు తిప్పి బంకు దాకా పోయే అలవాటు పాత చేతక్ నడిపినవారికి గుర్తుంటుంది. ఈ కారులో ఆ వెసులుబాటు లేదు, ముల్లు మాటే ఆధారం.

5.2 ఈ కారు మనకు అంత పరాయిది కాదు

ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అనే చిన్న కారు వచ్చింది. దాని రూపాన్ని గీసినవాడు ఇటలీకి చెందిన జియోవన్నీ మికెలోట్టి. బాడీ, చాసిస్ రెండూ వేర్వేరుగా ఉండే నిర్మాణం కాబట్టి, అదే చాసిస్‌ను కాస్త పొట్టిచేసి దానిమీద స్పోర్ట్స్ బాడీ కూర్చోబెట్టడం సులువైంది. అలా 1962లో స్పిట్‌ఫైర్ వచ్చింది. 1980లో తయారీ ఆపేనాటికి మూడు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. అదే హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేశారు. మన జిల్లాల్లో డాక్టర్లు, ప్లీడర్లు నడిపిన కారు అది. బానెట్‌తోపాటు ముందు మడ్‌గార్డులు కూడా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు లేచేవి. స్పిట్‌ఫైర్ దానికి వరుసకు తమ్ముడు.

మా వియ్యంకుడిగారిది మార్క్ 3 రకం, 1296 సీసీ ఇంజన్. డాష్‌బోర్డు మధ్యలో నాలుగు డయళ్లు ఉంటాయి. పెద్దవి వేగానికి, ఇంజన్ చుట్లకు. చిన్నవి పెట్రోలుకు, ఇంజన్ నీటి వేడికి. ఈ చిన్న డయళ్లు రెండూ ఒకే చోటి నుంచి కరెంటు తీసుకుంటాయన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ముడి విప్పింది అదే.

5.3 ముల్లు వెనుక ఏముంది?

మోటారు కార్ల తొలినాళ్లలో ఇంధన సూచికే లేదు. ఫోర్డ్ మోడల్ టి కారులో ట్యాంకు సీటు కింద ఉండేది. సీటు ఎత్తి, గీతలు గీసిన కర్రను ముంచి చూసుకునేవారు. మన ఇళ్లలో నూనె డబ్బాలో పుల్ల ముంచి చూసినట్టే. ఆ పద్ధతిలో తప్పుకు తావులేదు, కాని నడుస్తున్న బండిలో పనికిరాదు.

స్పిట్‌ఫైర్‌లో మూడు భాగాలు ఉన్నాయి. మొదటిది ట్యాంకులో ఉండే ఫ్లోటు యూనిట్. పెట్రోలు మీద తేలే ఒక చిన్న డబ్బా, దానికి ఒక చేయి, ఆ చేయి చివర నిరోధపు తీగ చుట్ట మీద జారే ఒక స్పర్శకం. పెట్రోలు మట్టం మారితే నిరోధం మారుతుంది. మా కారులో మల్టీమీటరుతో కొలిస్తే ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 250 ఓమ్‌లు, సగం ఉన్నప్పుడు 70, నిండినప్పుడు 20 ఓమ్‌లు వచ్చాయి.

రెండవది డయలు. ఇందులో అయస్కాంతం లేదు. ఒక ద్విలోహ పట్టీ, దాని చుట్టూ సన్నని నిరోధపు తీగ, అంతే. తీగలో కరెంటు పారితే వేడి పుడుతుంది. పట్టీలోని రెండు లోహాలు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి కాబట్టి పట్టీ వంగి, ఆ వంపు ముల్లును తోస్తుంది. ఇస్త్రీ పెట్టెలో వేడి ఎక్కువైనప్పుడు టక్కుమని కరెంటు తెంపేది ఇదే పట్టీ. జాన్ హారిసన్ పద్దెనిమిదవ శతాబ్దంలో తన ఓడ గడియారం కోసం దీన్ని కనిపెట్టాడు.

వేడితో పనిచేసే సూచిక కాబట్టి ముల్లు నిదానంగా కదులుతుంది. తాళం తిప్పిన తరువాత తన చోటికి చేరడానికి అర నిమిషానికి పైగా పడుతుంది. ఇది లోపం కాదు, వరం. మూల మలుపుల్లో పెట్రోలు ట్యాంకులో అటూ ఇటూ ఊగినా ముల్లు ఊగదు. అంతకుముందు కార్లలో ఉన్న రెండు తీగచుట్టల అయస్కాంత సూచికల ముళ్లు గతుకు గతుకుకూ గంతులు వేసేవి.

మూడవది వోల్టేజి స్థిరీకరణి. అగ్గిపెట్టెకంటే చిన్నదైన ఒక రేకు డబ్బా. దాని గురించి లెక్క చేసిన తరువాత చెబుతాను.

5.4 లెక్క

డయలులోని తీగ నిరోధం సుమారు 65 ఓమ్‌లు. అది, ఫ్లోటు యూనిట్ శ్రేణిలో ఉన్నాయి. స్థిరీకరణి ఇచ్చే పొటెన్షియల్ భేదం 10 వోల్టులు అనుకుందాం.

ట్యాంకు నిండినప్పుడు: 10 ÷ (65 + 20) = 0.118 ఆంపియర్లు.
సగం ఉన్నప్పుడు: 10 ÷ (65 + 70) = 0.074 ఆంపియర్లు.
ఖాళీగా ఉన్నప్పుడు: 10 ÷ (65 + 250) = 0.032 ఆంపియర్లు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. 250కీ 20కీ సగటు 135 కదా, సగం ట్యాంకుకు 70 ఎందుకు? వేడి కరెంటుకు కాక, కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది. 135 ఓమ్‌లు ఉంటే కరెంటు 0.05 ఆంపియర్లు. అప్పుడు పుట్టే వేడి నిండు ట్యాంకు దగ్గరి వేడిలో ఐదో వంతు కూడా ఉండదు, ముల్లు దాదాపు అడుగునే ఉండిపోతుంది. అందుకని ఫ్లోటు యూనిట్‌లో తీగను అన్నిచోట్లా ఒకేలా చుట్టరు. డయలూ ఫ్లోటూ ఒకదానికొకటి చూసి చేసిన జత. ఈ మాటను మేము పట్టించుకోలేదు, దాని ఫలితం 5.6లో చూస్తారు.

5.5 స్థిరీకరణి అవసరం ఏమిటి?

కారు బ్యాటరీ 12 వోల్టులు అంటాం గాని అది నిలకడగా ఉండదు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 12కు కాస్త పైన, డైనమో బాగా తిరుగుతున్నప్పుడు 13.5 దాకా, హెడ్‌లైట్లు వేసి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు 12కు లోపల. వోల్టేజి ఇలా మారితే, పెట్రోలు మారకపోయినా ముల్లు మారుతుంది. దీన్ని నివారించడానికే స్థిరీకరణి.

దాని లోపల కూడా ద్విలోహ పట్టీయే. పట్టీ కొన మీద కరెంటు తెంపి కలిపే ఒక స్పర్శకం ఉంటుంది. పట్టీకి చుట్టిన తీగ ఒక కొస ఆ స్పర్శకం తరువాతి వైపుకు, రెండో కొస డబ్బా రేకు ద్వారా కారు బాడీకి, అంటే ఎర్త్‌కు కలిసి ఉంటాయి. కరెంటు వస్తే పట్టీ వేడెక్కి వంగి స్పర్శకం విడిపోతుంది. కరెంటు ఆగి పట్టీ చల్లారితే మళ్లీ కలుస్తుంది. వోల్టేజి ఎక్కువైతే త్వరగా వేడెక్కి త్వరగా విడిపోతుంది. 12 వోల్టుల దగ్గర కాలంలో సుమారు 69 శాతం కలిసి ఉంటుంది, 13.5 దగ్గర 55 శాతం. రెండు సందర్భాల్లోనూ డయలుకు చేరే సగటు వేడి, స్థిరమైన 10 వోల్టులు ఇచ్చినప్పటి వేడితో సమానం. డయలు స్పందించేది వేడికే కాబట్టి ఈ ఆగి ఆగి వచ్చే కరెంటు దానికి హాయిగా సరిపోతుంది. మల్టీమీటరు పెడితే మాత్రం అంకెలు ఎగిరెగిరి పడతాయి. వాటిని చూసి స్థిరీకరణి చెడిందని పారవేసినవారు ఉన్నారు.

ఇప్పుడు అసలు మాట. డబ్బాకు ఎర్త్ తెగిపోతే ఏమవుతుంది? పట్టీ చుట్టూ ఉన్న తీగలో కరెంటు పారదు. పట్టీ వేడెక్కదు. స్పర్శకం ఎప్పటికీ విడిపోదు. బ్యాటరీ వోల్టేజి మొత్తం, అంటే 13.5 వోల్టులూ, తిన్నగా డయళ్లకు పోతుంది.

ఖాళీ ట్యాంకు దగ్గర లెక్క చూడండి. 13.5 ÷ 315 = 0.043 ఆంపియర్లు. 10 వోల్టుల దగ్గర ఇంత కరెంటు రావాలంటే మొత్తం నిరోధం 233 ఓమ్‌లు ఉండాలి. అందులో డయలు 65 పోగా ఫ్లోటుది 168. అంటే ఖాళీ ట్యాంకు 168 ఓమ్‌ల ట్యాంకులా కనిపిస్తుంది. ఆ రాత్రి నార్సింగి దగ్గర ముల్లు నిలబడిన చోటు అదే. ఉన్నాయనుకున్న నాలుగైదు లీటర్లు నిజానికి మూడున్నర వోల్టులు!

నిండు వైపు కూడా చూద్దాం. 13.5 వోల్టుల దగ్గర 0.118 ఆంపియర్లు రావడానికి ఫ్లోటు 50 ఓమ్‌లకు దిగితే చాలు. అది సుమారు మూడింట రెండు వంతుల ట్యాంకు. ట్యాంకు నింపాక ఎంత దూరం తిరిగినా ముల్లు పైనే ఉంటుందని మా వియ్యంకుడుగారు ఏళ్ల తరబడి మురిసిపోయారు. "మైలేజీ చూశారా బావగారూ!" అనేవారు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

(1) ట్యాంకుకూ కారు బాడీకీ మధ్య ఎర్త్ తీగ తుప్పుపట్టి 30 ఓమ్‌ల అదనపు నిరోధం చేరింది. స్థిరీకరణి బాగానే ఉంది. నిండు ట్యాంకు దగ్గర, ఖాళీ ట్యాంకు దగ్గర ముల్లు ఎలా చూపుతుంది?
(2) ఇంజన్ ఆపి ఉన్నప్పుడు చూపిన దానికంటే, వేగంగా నడుపుతున్నప్పుడు ముల్లు మెల్లగా పైకి పోతోంది. అనుమానించవలసింది ఏ భాగాన్ని?

5.6 మేము చేసిన తప్పులు

ఆ రాత్రి తరువాత వారం రోజులకు, ఆల్విన్ చౌరస్తా పక్క సందులో షెడ్డు నడిపే ఒక మెకానిక్‌ను పిలిచాము. పాత కార్ల మీద చేయి తిరిగినవాడు. డయలు విప్పి బయటికి తీశాడు. "మీటరు పనిచేస్తోందో లేదో ఎట్ల తెలుస్తది సార్?" అన్నాడు. నేను, భౌతికశాస్త్ర ఆచార్యుణ్ని, "దానికేముంది, బ్యాటరీ నుంచి రెండు తీగలు నేరుగా ఇచ్చి చూడండి" అన్నాను.

ముల్లు మెల్లగా లేచింది, నిండు గుర్తును దాటింది, అంచుకు తగిలి ఆగింది. మేము సంతోషంగా చూస్తుండగా కాలిన వాసన వచ్చింది. ముల్లు దిగిపోయి మరి లేవలేదు. "చూసిండ్రా సార్, మీటరే పోయింది" అన్నాడతను. నేనూ తలూపాను. పోయింది నిజమే, పోగొట్టింది మేము. 12.6 వోల్టులను 65 ఓమ్‌ల మీద తిన్నగా పెడితే కరెంటు 0.194 ఆంపియర్లు. నిండు గుర్తు దగ్గర దానికి ఉండవలసింది 0.118. వేడి వర్గానుపాతంలో పెరుగుతుంది కాబట్టి 2.7 రెట్లు. వెంట్రుకలాంటి తీగ నిమిషంపాటు ఎలా భరిస్తుంది? ఆ లెక్క ఆ రోజు వేసి ఉంటే పరీక్షకు 22 ఓమ్‌ల నిరోధం ఒకటి శ్రేణిలో పెట్టేవాణ్ని. ఒక్క రూపాయి ఖర్చు.

రెండో తప్పు తక్షణమే చేశాం. దొరికిన ఒక "అన్ని బండ్లకూ పనికొచ్చే" డయలు తెచ్చి బిగించాం. రంధ్రంలో చక్కగా కూర్చుంది, దీపం వెలిగింది. ట్యాంకు నింపి తాళం తిప్పితే ముల్లు కాలు భాగం కూడా ఎక్కలేదు! ఆ డయలు వేరే జతకు చెందింది. దాని ఫ్లోటు ఖాళీగా ఉంటే సున్నా ఓమ్‌లు, నిండితే 90. మన ఫ్లోటు దానికి తలకిందులు. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ముల్లు పైకి లేచి, ట్యాంకు ఎండిపోయిన రోజున నిండు గుర్తు చూపుతుంది. డయలు వెనుక మరలు పట్టాయా అన్నది కాదు, నిరోధాలు పట్టాయా అన్నది చూడాలి. అమ్మేవారిని "ఖాళీకి ఎన్ని ఓమ్‌లు, నిండుకు ఎన్ని?" అని అడగండి. జవాబు రాకపోతే కొనకండి.

అప్పుడు కాగితం తీసి కూర్చున్నాను. కూర్చోగానే నీటి వేడి చూపే ముల్లు గుర్తుకొచ్చింది. కొన్నేళ్లుగా అది కూడా ఎక్కువే చూపుతోంది. ఇంజన్ వేడెక్కుతోందని ఆయన రేడియేటర్ కడిగించారు, థర్మోస్టాట్ మార్పించారు, ఎండాకాలం బండి తీయడం మానేశారు. రెండు ముళ్లు, రెండు వేర్వేరు సెన్సార్లు, రెండూ ఒకే వైపు తప్పు చూపుతున్నాయంటే వాటికి ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి. ఉమ్మడిగా ఉన్నది స్థిరీకరణి ఒక్కటే.

డాష్‌బోర్డు వెనుక తల దూర్చి టార్చి వేస్తే కనబడింది. ఎప్పుడో ఎవరో రేకుకు నల్ల పెయింటు దట్టంగా వేసి, ఆరాక స్థిరీకరణిని దానిమీద బిగించారు. మర సగం తుప్పు. డబ్బాకూ బాడీకీ మధ్య మల్టీమీటరు అనంత నిరోధం చూపింది. ఎమెరీ కాగితంతో పెయింటు గీకి, కొత్త మర బిగించాను. అంకెలు ఎగరడం మొదలుపెట్టాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద పిల్లను చీకట్లో నిలబెట్టింది ఆ మర.

5.7 విప్పకుండా పరీక్షించే క్రమం

సరైన క్రమం మాకు తలకిందులుగా తెలిసింది. మీరు తిన్నగా తెలుసుకోండి. బ్రిటిష్ కార్లలో తీగల రంగులకు ఒక పద్ధతి ఉంది, అది మీకు సగం పని చేసిపెడుతుంది. తాళం తిప్పాక ఫ్యూజు ద్వారా వచ్చే కరెంటు ఆకుపచ్చ తీగలో వస్తుంది. స్థిరీకరణి నుంచి డయళ్లకు పోయేది లేత ఆకుపచ్చ. పెట్రోలు డయలు నుంచి ట్యాంకుకు పోయేది ఆకుపచ్చ మీద నల్ల చార. నీటి వేడి డయలు నుంచి ఇంజన్‌కు పోయేది ఆకుపచ్చ మీద నీలి చార. నల్లది ఎర్త్.

మొదట స్థిరీకరణి డబ్బాకూ బాడీకీ మధ్య నిరోధం కొలవండి, సున్నాకు దగ్గరగా రావాలి. తరువాత ట్యాంకు దగ్గర ఆకుపచ్చ-నలుపు తీగను తాళం తీసివేసిన స్థితిలో ఊడదీసి, ఫ్లోటు యూనిట్ కొసకూ బాడీకీ మధ్య నిరోధం కొలవండి. ట్యాంకులో ఎంత ఉందో తెలిస్తే అంకె సరైనదో కాదో తెలిసిపోతుంది. మా దాంట్లో నింపాక 21 ఓమ్‌లు వచ్చాయి. ఫ్లోటు బాగుందని, ట్యాంకు తెరవక్కరలేదని తేలింది. చివరగా, ఊడిన ఆ తీగకూ బాడీకీ మధ్య ఒక్కొక్క నిరోధాన్ని కలిపి డయలును చూడండి. కోఠి గుజరాతీ గల్లీలో 22, 68, 240 ఓమ్‌ల నిరోధాలు అడిగి తీసుకోండి. వాటిలో పుట్టే వేడి అర వాటుకు లోపే, అయినా ఒక వాటువి కొనడం మేలు. 22కు నిండు, 68కి సగం, 240కి ఖాళీ గుర్తు దగ్గరికి ముల్లు రావాలి. ప్రతిదానికీ ఒక నిమిషం ఆగండి. కొందరు మెకానిక్‌లు ఆ తీగను నేరుగా బాడీకి తాకించి చూస్తారు. స్థిరీకరణి బాగుంటే రెండు మూడు క్షణాలకు ప్రమాదం లేదుగాని, ఆగి చూస్తూ ఉంటే మా కథే పునరావృతమవుతుంది. పైగా అది నిప్పురవ్వ రేపే పని, ట్యాంకు దగ్గర చేయకూడదు.

ఫ్లోటు యూనిట్‌నే విప్పవలసి వస్తే ఆ పని సెల్లార్‌లో చేయకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకి పల్లంలో పోగవుతుంది. గాలిలో ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం దాకా ఉంటే అంటుకుంటుంది. అందుకే నిండు ట్యాంకుకంటే ఖాళీ ట్యాంకు ప్రమాదకరం: లోపలంతా ఆవిరీ గాలీయే. ఆరుబయట, ముందుగా బ్యాటరీ ఎర్త్ తీగ తీసివేసి, చేతివైరు బల్బు దగ్గరికి రానీయకుండా చేయాలి. బిగించేటప్పుడు కొత్త వాషరు వేయాలి. ఇప్పుడు మన బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తట్టుకునే రబ్బరై ఉండాలి. 1968 నాటి రబ్బరు దీన్ని ఎరగదు.

5.8 డయలు మార్పిడి

ఇంగ్లండు నుంచి సరైన జత డయలు తెప్పించడానికి ఐదు వారాలు పట్టింది. బిగించడానికి నలభై నిమిషాలు. బ్యాటరీ ఎర్త్ తీశాం. డయలు వెనుక ఒక కమ్మీ, దాన్ని పట్టుకొన్న చేతిమర. అది విప్పితే డయలు ముందుకు వస్తుంది. దీపపు హోల్డరు లాగితే వస్తుంది. మిగిలినవి రెండే తీగలు. ద్విలోహ సూచికకు ధన ఋణ భేదం లేదు, ఏ తీగ ఏ కొసకు పెట్టినా ముల్లు ఒకే వైపు తిరుగుతుంది. వేడికి దిశ ఏముంది? అయినా ఒక ఫొటో తీసుకొని విప్పడం మంచిది, ఎందుకంటే పక్క డయలు తీగలు కూడా అక్కడే వేలాడుతుంటాయి.

బిగించే ముందు కొత్త డయలును బల్లమీద అవే మూడు నిరోధాలతో పరీక్షించాను. ఈసారి 10 వోల్టుల సరఫరాతో.

స్థిరీకరణిని మార్చాలా అని ఆయన అడిగారు. దాని బదులు 7810 అనే చిన్న ఐసీ పెట్టుకోవచ్చు. కదిలే భాగాలు లేవు, నిలకడగా 10 వోల్టులు ఇస్తుంది. దాని రేకుకొస ఎర్త్‌కే చెందింది కాబట్టి నేరుగా బాడీకి మర బిగించవచ్చు. రెండు డయళ్లకూ కలిపి అత్యధికంగా పావు ఆంపియరు లోపే కావాలి, వేడి ఒక వాటుకు మించదు. అయితే అది పనిచేయాలంటే లోపలికి వచ్చే వోల్టేజి 12 దాకా ఉండాలి. బ్యాటరీ నీరసించినప్పుడు ముల్లు తక్కువ చూపుతుంది. తక్కువ చూపడం ఎక్కువ చూపడంకంటే నయం. కాని దానికీ ఎర్త్ తెగితే పాత దానిలాగే వోల్టేజి మొత్తం వదిలేస్తుంది. పాతది పనిచేస్తోంది, ఉంచేశాం. నా సలహామీద ఎర్త్‌కు మరతోపాటు ఒక నల్ల తీగ అదనంగా కలిపాం.

5.9 లీటర్లతో సరిచూడడం

ఈ ట్యాంకు 8.25 బ్రిటిష్ గాలన్లది. ఒక గాలన్ 4.546 లీటర్లు కాబట్టి 37.5 లీటర్లు. బంకులో డబ్బాల్లో పోయరు, పోయించుకోవడం క్షేమం కూడా కాదు. అందుకని ట్యాంకు దాదాపు ఖాళీ చేసుకొని బంకుకే వెళ్లాం. ఐదేసి లీటర్లు పోయించుకోవడం, తాళం తిప్పకుండా కారును గాలి పట్టే మూలకు నెట్టుకుపోవడం, అక్కడ తాళం తిప్పి ఒక నిమిషం ఆగి ముల్లును రాసుకోవడం, మళ్లీ వెనక్కి నెట్టడం. ఏడు విడతలు. బంకు కుర్రవాడు మూడో విడతకు "అంకుల్, ఒకేసారి పోయించుకుంటే అయిపోతది కదా" అన్నాడు. ఐదో విడత నుంచి తనే నెట్టాడు.

డయలు వెనుక చిన్న రంధ్రాలు రెండు ఉంటాయి, వాటిలో సన్నని స్క్రూడ్రైవరు పెట్టి ఖాళీ, నిండు కొసలను విడివిడిగా సవరించవచ్చు. నిండు కొసను మేము తాకలేదు. ఖాళీ కొసను మాత్రం, ట్యాంకులో ఇంకా నాలుగు లీటర్లు ఉండగానే ముల్లు ఖాళీ గుర్తును తాకేట్టు పెట్టాం. సత్యం చెప్పే పరికరాన్ని కావాలని తప్పు చూపేట్టు పెట్టడమేమిటని ఆయన ఆక్షేపించారు. మనవరాలు "ఉండనీ తాతయ్యా" అంది, ఉండనిచ్చారు.

ప్రశ్నలకు జవాబులు

(1) నిండు ట్యాంకు దగ్గర ఫ్లోటు వైపు నిరోధం 20 + 30 = 50 ఓమ్‌లు అవుతుంది. కరెంటు 10 ÷ 115 = 0.087 ఆంపియర్లు. ముల్లు మూడింట రెండు వంతుల దగ్గరే ఆగిపోతుంది. ఖాళీ దగ్గర 250 బదులు 280, కరెంటు 0.032 నుంచి 0.029కి తగ్గుతుంది, తేడా కంటికి ఆనదు. అంటే ట్యాంకు ఎర్త్ లోపం నిండు వైపు బయటపడుతుంది. నీటి వేడి ముల్లు మీద దీని ప్రభావం ఉండదు.

(2) స్థిరీకరణిని, ముందుగా దాని ఎర్త్‌ను. వేగంతో పెరిగేది డైనమో వోల్టేజి, పెట్రోలు కాదు. నీటి వేడి ముల్లు కూడా అదే సమయంలో అదే వైపు కదులుతోందా అని చూసి నిర్ధారించుకోవచ్చు.